మెసేజ్ చివర ఉత్త బ్రాకెట్లు, ఉత్త "జె" అక్షరం: వీటి అర్థమేమిటి?

ప్రశ్న:
ఇంటి నుంచి సబ్‌టైటిల్స్ పని చేస్తాను. టీమ్‌లో ఒక్కొక్కరిది ఒక్కో దేశం, ఎవరి ముఖమూ ఎవరూ చూసింది లేదు. మాటలన్నీ చాట్‌లోనే. :) అంటే నవ్వు, :( అంటే బాధ, అంతవరకే నాకు తెలుసు. రష్యన్ సహోద్యోగి ఒకాయన "ఫైల్ అందింది)))" అని రాస్తారు. తెరిచే బ్రాకెట్ ఎక్కడా ఉండదు, మూసేవి మాత్రం మూడు! ఇంకొకావిడ ఈమెయిల్స్‌లో వాక్యం అయిపోయాక ఇంగ్లిష్ జె అక్షరం ఒకటి ఉంటుంది. ఆవిడ పేరులో ఆ అక్షరమే లేదు. ఇక మా ఎడిటర్ నా డ్రాఫ్ట్ కింద "సరే :/" అని పెట్టారు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
ఆఫీసుల్లో మెయిల్ సర్వర్లు చూసుకుంటూనే జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి ముందు ఆ జె సంగతి చెబుతాను. ఆవిడ జె కొట్టలేదండీ, :) కొట్టారు. అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని తనంతట తానే వింగ్‌డింగ్స్ అనే బొమ్మల ఫాంట్‌లోని నవ్వు ముఖంగా మార్చేస్తుంది. ఆ ఫాంట్‌లో నవ్వు ముఖం కూర్చున్నది జె అక్షరం చోట్లో. మీ వైపు ఆ ఫాంట్ లేకపోయినా, మీ మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోకపోయినా బొమ్మ పోయి అక్షరం మిగులుతుంది. ఎప్పుడైనా ఎల్ కనబడితే అది దిగాలు ముఖం, కె అయితే ఏ భావమూ లేని ముఖం. "ఈ జె ఎవరు సార్?" అని నన్ను అడిగినవాళ్లకు లెక్కలేదు.

మీ రష్యన్ సహోద్యోగిదీ దాదాపు ఇదే కథ. రష్యన్ కీబోర్డులో కోలన్ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని 6 నొక్కాలి, మూసే బ్రాకెట్‌కి షిఫ్ట్, 0. కళ్ల కోసం ఆ తిప్పలెందుకని నోరొక్కటే ఉంచేశారని మామూలుగా చెప్పే కారణం. ఒక్క బ్రాకెట్ అయితే మర్యాదకు నవ్విన నవ్వు. మూడంటే మనిషి హుషారుగా ఉన్నట్టే. ((( అని వస్తే మాత్రం ఏమైందని అడగండి.

అర్థంకాని గుర్తు కనబడితే నేను మనిషి కంటే ముందు కీబోర్డునీ సాఫ్ట్‌వేర్‌నీ అనుమానిస్తాను. జాబితాలో 8 పక్కన బ్రాకెట్ పెట్టండి, కొన్ని చాట్‌లలో అది నల్ల కళ్లజోడు ముఖమైపోతుంది. సీరియస్ రిపోర్టులో ఏడో పాయింటు తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఒకడు నవ్వుతుంటాడు!

మీ ఎడిటర్ పెట్టిన :/ లో మాత్రం యంత్రం తప్పేమీ లేదు. అది ఎడిటర్ మనసులోదే.

జవాబు 2:
:/ అంటే కోపం కాదక్కా. మూతి ఓ పక్కకి తిప్పడం. "ఒప్పుకుంటున్నా, కానీ ఏదో తేడాగా ఉంది" అన్నట్టు. ఊహించుకుంటూ కూర్చోకుండా ఏ లైను దగ్గర ఇబ్బందో అడిగేయండి. ;) ని ఆఫీసు చాట్‌లో నేనైతే అస్సలు వాడను, సరదాగా పెట్టినా సరసంగా తీసుకునేవాళ్లుంటారు. మీ టీమ్‌లో కొరియావాళ్లుంటే ఇంకొకటి: వాళ్లు ^^ పెడితే నవ్వుతున్న కళ్లు. ఇంగ్లిష్ చాట్‌లో ^ ఒక్కటే పెడితే పైకి చూపించే బాణం, "పై మెసేజే నా మాటానూ" అని.

జవాబు 3:
:( మొదట్లో బాధకి గుర్తు కాదు, తెలుసా? కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో కంప్యూటర్ బులెటిన్ బోర్డులో జోక్ వేస్తే కొందరు నిజమనుకున్నారు. దాంతో జోకుకి గుర్తు ఉండాలని చర్చ మొదలైంది. 1982 సెప్టెంబర్ 19న అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ :-) పెడదామన్నారు, తల పక్కకి వంచి చదవమని కూడా రాశారు. జోకులే ఎక్కువగా ఉన్నాయి కనుక జోకు కానివాటికే గుర్తు పెడితే పొదుపని, దానికి :-( వాడమన్నారు. ఆ మెసేజ్‌ని 2002లో పాత బ్యాకప్ టేపుల నుంచి వెలికితీశారు.

ప్రశ్న అడిగినవారు:
ఎడిటర్‌ని అడిగేశాను. అనువాదం బాగుందట, రెండు లైన్లు మాత్రం తెర మీద చదివేలోపే మాయమవుతున్నాయట. కుదించి పంపాను, ఈసారి ^_^ వచ్చింది. మెయిల్ సర్వర్ గారూ, ఆ జె రాకుండా ఆవిడ ఏం చేయాలి?

జవాబు 1:
అవుట్‌లుక్ ఆటోకరెక్ట్ ఆప్షన్లలో :) ఉన్న వరుసను తీసేయమనండి. అంత ఓపిక లేకపోతే, అది మారిన వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే మళ్లీ :) అయిపోతుంది.