ఐస్‌లో పెట్టిన చిన్న వంజరం పిల్ల చేపో కాదో ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో సముద్రపు చేపలు కొంటుంటాను. ఈమధ్య అడుగున్నర పొడవు, ఆరేడు వందల గ్రాములు తూగే వంజరాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. పెద్ద రకం వంజరం రెండడుగులు దాటితే గానీ గుడ్లు పెట్టే ఈడుకు రాదు. ఇవి ఆ రకమే అయితే, ఒక్కసారీ గుడ్లు పెట్టకుండానే వలలో పడ్డట్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట ఆపేది చేప పెరగాలనే కదా, మిగతా పది నెలలూ పిల్లల్ని ఊడ్చేస్తే ఏం లాభం?

తిరకాసు ఏంటంటే, చుక్కల వంజరం అని ఇంకో రకం ఉంది. అది ఈ సైజుకే ఎదిగిపోతుంది. అదైతే నిశ్చింతగా కొంటాను.

చారలుంటే పెద్ద రకం, చుక్కలుంటే చిన్న రకం అనుకుని చూశాను. కుదరలేదు. పెద్ద రకం పిల్లలకూ చుక్కలుంటాయట, పైగా ఐస్‌లో రంగు పాలిపోతుంది. ఒంటి పక్కన ఉండే గీత పెద్ద రకానికి రెండో వీపు రెక్క దాటాక ఒక్కసారిగా కిందికి వంగుతుంది, చుక్కల దానికి మెల్లగా దిగుతుంది. ఫోన్ టార్చ్ వేసినా తడి చర్మం మెరుపులో ఆ వంపు దొరకలేదు. అమ్మే అన్నను అడిగితే, "రెండూ వంజరమే సార్, ముక్కలు కొట్టమంటారా?" అన్నాడు. నెట్‌లో ఫొటోలన్నీ అప్పుడే పట్టిన చేపలవి.

వైజాగ్, కాకినాడ వైపు రోజూ చేపలు చూసేవాళ్లు చెప్పండి: రంగు పోయిన అడుగున్నర వంజరం ఏ రకమో కోయకముందే తేల్చే గుర్తు ఏది?