చెక్క పనికి డ్రిల్ బిట్లు: కార్బైడ్ కొనాలా, చవకవి మారుస్తూ పోవాలా?

కడప_కార్పెంటర్ (మారతహళ్లి):
అన్నలూ, ఒక గొడవ తీర్చండి. మేం నలుగురం కలిసి ఫ్లాట్లకు వార్డ్‌రోబ్‌లు, కిచెన్లు చేస్తాం. పోయిన నెల బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు పోయి బంగారు రంగు బిట్ల సెట్టు ఒకటి తెచ్చినా. "టైటానియం, ఏడాది దాకా చూడక్కర్లేదు" అన్నాడు షాపతను. మూడు వారాలు తిరక్కముందే 5 ఎంఎం, 8 ఎంఎం రెండూ కోయడం మానేసి రుద్దడం మొదలుపెట్టినాయి. బెజ్జంలోంచి పొట్టు రావాల్సిన చోట పొగ వస్తోంది. మా పార్ట్‌నర్ చవకవే డజన్ల లెక్కన కొని, పోయినవి పారేద్దాం అంటాడు. ఒక్కసారి గట్టిగా డబ్బు పెట్టి అన్నీ కార్బైడ్ (స్టీలు కంటే గట్టిది) మొనవి కొందామని నేను. ఎవరిది రైటు?

పాత_ఆకురాయి (బనశంకరి):
ఇద్దరిదీ తప్పే తమ్ముడూ. ముందు ఆ బంగారం సంగతి. అది టైటానియం లోహం కాదు, టైటానియం నైట్రైడ్ పూత. మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఇనుము కోసేవాడికి దానితో లాభం ఉంది. చెక్క పనిలో లోపలి స్టీలే లెక్క. నీది పైన పటారం, లోన లొటారం అయ్యుంటుంది.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కాలిపోయిన 8 ఎంఎం బిట్టు మొన దగ్గర నీలం తిరిగిన చోట ఆకురాయి పెట్టి గీయి. కాడ మీద గీయొద్దు, అది మంచి బిట్లకు కూడా మెత్తగానే ఉంటుంది. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతే అది హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీలు. వేడికి నీలం తిరిగినా దానికేం కాదు, 600 డిగ్రీల దగ్గర దాకా గట్టితనం నిలుపుకుంటుంది. ఆకురాయి పట్టి పొడి రాలిందా, మామూలు కార్బన్ స్టీలు. అది నీలం తిరిగిందంటే అప్పటికే పదును నిలిచే గుణం పోయింది. ఇక సాన పట్టినా దండగే.

పీణ్య_బోరింగ్:
పెద్దాయన చెప్పింది నిజమేగానీ సగమే. తమ్ముడు పని చేసేది టేకు మీద కాదుగా, ప్లై మీద, పార్టికల్ బోర్డు మీద. అక్కడ బిట్టును తినేది చెక్క కంటే జిగురు. మా ఫ్యాక్టరీ బోరింగ్ మెషీన్‌లో రోజంతా 18 ఎంఎం ప్రీలామ్ బోర్డే (ముందే లామినేట్ అతికించి వచ్చేది) నడుస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ పెడితే మధ్యాహ్నానికే అంచుల్లో లామినేట్ పెచ్చులు లేస్తాయి. అందుకే మా దగ్గర కార్బైడ్ తప్ప ఇంకోటి లేదు. డబ్బున్నప్పుడు అదే కొను, మళ్లీ ఆలోచించే పని ఉండదు.

సైట్_మేస్త్రి (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్):
పీణ్య బ్రదర్, మీ మెషీన్ బిట్టును నిలువుగా పట్టుకుని ఒకే స్పీడులో దింపుతుంది. మా సైట్‌లో స్టూల్ మీద నిలబడి ఒంటి చేత్తో కొడతారు. కార్బైడ్ గట్టిదే, పెళుసు కూడా. పోయిన వారం మా కుర్రాడి చేతిలోంచి కొత్త 35 ఎంఎం హింజ్ బిట్టు (తలుపు బందు కూర్చునే గుంట తీసేది) విట్రిఫైడ్ టైల్ మీద పడింది. టింగుమని శబ్దం వచ్చింది, అంతే. ఒక పక్క మొన బియ్యపు గింజంత ఎగిరిపోయింది. ఆ రోజు కొన్నదే! బిల్లు ఇంకా జేబులోనే ఉంది.

ఇంకొకటి. మీలో ఎంతమంది కుర్రాళ్లు గోడకు కొట్టి, హామర్ మోడ్ (డ్రిల్ తిరుగుతూనే సుత్తిలా కొట్టేది) తీయకుండానే చెక్క బిట్టు బిగిస్తారో ఒకసారి చూసుకోండి. మా దగ్గర బిట్లు పోయింది సగం దానివల్లే. గోడ బిట్టుతోనే చెక్కకూ కొట్టేసే మహానుభావులు వేరే. దాని మొన రాయిని పగలగొట్టడానికి చేసింది, చెక్కను కోయదు, చీలుస్తుంది.

కడప_కార్పెంటర్:
హామర్ మోడ్ మాట చదివి మా పార్ట్‌నర్ నా వైపు చూసినాడు. నేనేం మాట్లాడలేదు.

చెన్నై_తలుపులు (పెరంబూరు):
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది పాత టేకు పని, పడగొట్టిన ఇళ్ల దూలాలు తెచ్చి తలుపులు చేస్తాం. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును ఊరికే పోతుంది. ఆ లెక్కన కార్బైడే మేలనిపిస్తుంది. కానీ పాత దూలంలో తల విరిగిన మేకు ఎక్కడుందో ఎవరికి తెలుసు? మేకు తగిలితే కార్బైడ్ మొన ఊడుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ అయితే ఒక గాటు పడుతుంది, రుద్దుకుని మళ్లీ వాడతాం. తాళాలకు మాత్రం ముందు స్క్రూ ఉన్న ఆగర్ బిట్టే. నెమ్మదిగా తిప్పితే అదే లోపలికి లాక్కుపోతుంది.

పీణ్య_బోరింగ్:
సరే, రుద్దుకునే కూలి ఎవరిస్తారు? బెంగళూరులో కార్పెంటర్ రోజు కూలి వెయ్యి దాటి ఎన్నాళ్లయింది! గంటసేపు బిట్లు సాన పట్టిస్తే ఆ డబ్బుకు కొత్తదే వస్తుంది.

పాత_ఆకురాయి:
గంట ఎందుకయ్యా? చిన్న డైమండ్ ఆకురాయితో రెండు నిమిషాలు, టీ వచ్చేలోపు అయిపోతుంది. మధ్యలో ముల్లు, అంచుల్లో రెండు కొమ్ములు ఉండే చెక్క బిట్టుకు కొమ్ముల లోపలి వైపే రుద్దాలి. బయట రుద్దితే 8 బిట్టు 8 కాకుండా పోతుంది, డోవెల్ (రెండు ముక్కల్ని కలిపే గుండ్రటి చెక్క మేకు) పట్టదు. ఇది తెలియక పాడు చేసి, మళ్లీ బిట్టునే తిడతారు.

నువ్వు అసలు అడగాల్సింది స్పీడు గురించి. 35 ఎంఎం హింజ్ బిట్టు ఎంత మీద తిప్పుతున్నావు?

కడప_కార్పెంటర్:
ట్రిగ్గర్ ఫుల్లుగా నొక్కుతాం. డ్రిల్ మీద నిమిషానికి 2800 చుట్లు అని రాసుంది.

పాత_ఆకురాయి:
అదీ సంగతి. 2800 మీద 5 ఎంఎం బిట్టు అంచు నిమిషానికి సుమారు 44 మీటర్లు పోతుంది. అదే తిప్పుడుకు 35 ఎంఎం అంచు 300 మీటర్లు దాటుతుంది, ఏడింతలు. దానికి పొగ రాకపోతే ఆశ్చర్యం. పెద్ద బిట్టును వెయ్యి లోపే ఉంచు. కాస్త దింపు, పైకి తీయి, పొట్టు దులుపు, మళ్లీ దింపు. ఇది చేయకపోతే నువ్వు కార్బైడ్ కొన్నా, పార్ట్‌నర్ డజను తెచ్చినా ఒకటే.

కడప_కార్పెంటర్:
రాత్రి ఆకురాయి పెట్టి చూసినా. 8 ఎంఎం మీద నీలం ఉన్న చోట నల్ల పొడి రాలింది. 5 ఎంఎం కూడా అంతే. అదే డబ్బాలో నాలుగేళ్ల నాటి అడిసన్ కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు ఒకటి, పూతా గీతా ఏమీ లేనిది, మూలన పడి ఉండింది. దాని మొన మీద ఆకురాయి జారిపోయింది.

ఇప్పటికి అనుకున్నది ఇదీ: ప్లైకీ బోర్డుకీ 35 ఎంఎం ఒక్కటే కార్బైడ్, అది నా పెట్టెలోనే ఉంటుంది, కుర్రాళ్లకు ఇవ్వను. చిన్న సైజులు ముల్లున్న హెచ్‌ఎస్‌ఎస్, ఒక్కో సైజు రెండేసి. పార్ట్‌నర్ ఇంకా ఒప్పుకోలేదు. డజను లెక్కే కరెక్టని, డైమండ్ ఆకురాయి కూడా దండగ ఖర్చేనని అంటున్నాడు.

సైట్_మేస్త్రి:
ఒక్క మాట. 18 ఎంఎం ప్లైలో హింజ్ గుంట 12, 13 ఎంఎం లోతు పోతుంది. మధ్య ముల్లు పొడవు కొలుచుకుని కొను. పొడుగు ముల్లయితే అవతలి లామినేట్ మీద చిన్న మొటిమ లేస్తుంది. మాకు ఒక షట్టర్ (వార్డ్‌రోబ్ తలుపు) అలాగే పోయింది, కస్టమర్ వేలితో తడిమి మరీ చూపించాడు.

కడప_కార్పెంటర్:
ఇప్పుడే కొలిచినా అన్నా. పాతదాని ముల్లు 6 ఎంఎం ఉంది. పోయిన సైట్‌లో మొటిమలు ఎందుకు లేచినాయో ఇప్పుడర్థమైంది.