నాకు ఏడీహెచ్‌డీ అని తేలింది. ఇంట్లో గుర్తుచేసే భారమంతా నా భార్య మీదే పడుతోంది

ప్రశ్న

నా వయస్సు 38 సంవత్సరాలు. మా అబ్బాయి తరగతిలో కుదురుగా ఉండటం లేదని ఉపాధ్యాయులు చెప్పడంతో వాడిని వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆమె అడిగిన ప్రశ్నలకు వాడి తరఫున జవాబులు చెబుతూ ఉండగా, నేను చెబుతున్నది నా చిన్నతనం గురించేనని నాకు తోచింది. నాలుగు నెలల తరువాత నాకూ ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, అంటే శ్రద్ధ లోపం, అతిచురుకుదనం) ఉన్నట్లు నిర్ధారించి, ఉదయం పూట వేసుకునే మందు మొదలుపెట్టారు. ఆఫీసులో కొంత మార్పు కనిపిస్తోంది కానీ ఇంట్లో పరిస్థితి అలాగే ఉంది. గత నెల కరెంటు బిల్లు కడతానని నేనే చెప్పి మరిచిపోయాను. "నీకు నచ్చిన పని మీద నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటావు, బిల్లు కట్టడానికి నాలుగు నిమిషాలు దొరకవా?" అని నా భార్య అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. జబ్బు పేరు చెబితే సాకులా వినిపిస్తుంది, చెప్పకపోతే నిర్లక్ష్యమని ఒప్పుకున్నట్లవుతుంది. ఇటువంటి ఇళ్ళలో పనులను ఎలా పంచుకుంటున్నారో, ఆఫీసులో ఈ విషయం చెప్పడం మంచిదో కాదో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

మొదటి సమాధానం

నేను మీ భార్య స్థానంలో ఉన్న మనిషిని. మా వారికి ఏడీహెచ్‌డీ అని తెలిసి పదకొండు సంవత్సరాలు అయింది. ఆమె అడిగిన ప్రశ్నే నేనూ ఎన్నోసార్లు అడిగాను. ఈ సమస్యకు పెట్టిన పేరే కొంత తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇక్కడ లోపించేది శ్రద్ధ కాదు, దానిని కావలసిన చోటికి కావలసిన సమయంలో మళ్ళించగలిగే పట్టు. ఆసక్తి గానీ కొత్తదనం గానీ గడువు ముంచుకొచ్చిన భయం గానీ ఉంటే ఆ పట్టు దానంతట అదే వస్తుంది. బిల్లులో ఈ మూడూ ఉండవు.

అయితే ఈ వివరణ విన్నంత మాత్రాన నా భారం తగ్గలేదని కూడా మీరు తెలుసుకోవాలి. బిల్లు కట్టడం రెండు నిమిషాల పని. దాని గడువు తేదీ మనసులో పెట్టుకోవడం, మీరు కట్టారో లేదో ఓ కంట కనిపెట్టడం, కట్టలేదని తెలిశాక సాధింపుగా వినిపించకుండా ఎలా అడగాలా అని మాటలు వెతుక్కోవడం అసలు పని, అదంతా నా మీదే ఉండేది. అందువల్ల "నువ్వు గుర్తుచెయ్యి, నేను చేస్తాను" అన్న ఒప్పందంలో సగం పంపకం కూడా లేదు.

మేము మొదట గోడకు పెద్ద పట్టిక తగిలించాము. మూడు వారాల్లో అది గోడలో కలిసిపోయింది, ఇద్దరికీ కనిపించడం మానేసింది. ఆ తరువాత గడువు ఉన్న చెల్లింపులన్నిటినీ బ్యాంకు ఖాతా నుండి వాటంతట అవే వెళ్ళేటట్లు పెట్టాము. మిగిలిన వాటిలో, ఎదురుగా నిలబడి పిలిచే పనులను ఆయనకు అప్పగించాను. పిల్లలకు స్నానం చేయించి పడుకోబెట్టడం ఆయన ఏనాడూ మరిచిపోలేదు, ఎందుకంటే పిల్లలే వచ్చి చెయ్యి పట్టుకుని లాగుతారు. దరఖాస్తులు, వైద్యుల అపాయింట్‌మెంట్లు నేను తీసుకున్నాను. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కూర్చుని రాబోయే వారం గురించి మాట్లాడుకుంటాము. ఆ ఇరవై నిమిషాలు తప్ప మిగతా సమయంలో నేను గుర్తుచేయకూడదన్నది నియమం. నిజం చెప్పాలంటే ఆ నియమాన్ని పాటించడం ఆయనకంటే నాకే కష్టమైంది.

రెండవ సమాధానం

ఇంటి విషయం పైవారు చక్కగా చెప్పారు కాబట్టి నేను ఆఫీసు గురించే రాస్తాను. నేను నా పై అధికారికి జబ్బు పేరు చెప్పలేదు, నాకు ఏమి కావాలో మాత్రం చెప్పాను. "మీటింగ్‌లో నోటితో చెప్పిన మార్పులను ఆ తరువాత ఒక చిన్న మెయిల్‌లో పంపితే నా వల్ల తప్పులు తగ్గుతాయి" అంటే ఎవరూ కారణం అడగలేదు. కానీ పని వేళల్లో మార్పు, నిశ్శబ్దంగా ఉండే గది వంటి పెద్ద సౌకర్యాలు కావాలంటే పేరు చెప్పక తప్పదు; అప్పుడు మీరు ఉన్న దేశపు చట్టం వైకల్యం ఉన్న ఉద్యోగులకు ఎటువంటి రక్షణ ఇస్తుందో ముందే చూసుకోండి.

నాకు ఉపయోగపడిన మరొక విషయం, పనిని రాసుకునే తీరు. "నివేదిక పూర్తిచేయాలి" అని రాసుకున్న రోజు నేను దాని జోలికే వెళ్ళను. "నిన్నటి ఫైలు తెరిచి మూడవ పట్టికలో అంకెలు నింపాలి" అని రాసుకుంటే చెయ్యి దానంతట అదే కదులుతుంది. మొదలుపెట్టడం మరీ కష్టంగా ఉన్న రోజున ఒక స్నేహితుడికి వీడియో కాల్ చేసి, ఎవరి పని వారు మౌనంగా చేసుకుంటాము. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న స్పృహ ఎందుకు అంతగా పనిచేస్తుందో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. కొత్త కొత్త యాప్‌ల వెంట మాత్రం పరుగెత్తకండి. ప్రతి యాప్ నా దగ్గర కొత్తదనం ఉన్నన్నాళ్ళే పనిచేసింది.

మూడవ సమాధానం

నేను మానసిక వైద్య రంగంలో పనిచేస్తున్నాను. మీ కేసు చూడకుండా మందు గురించి సలహా ఇవ్వలేను, కానీ మీ ప్రశ్నలో ఒక వివరం నన్ను ఆపింది. మందు ఉదయం వేసుకుంటున్నారు, ఆఫీసులో మార్పు కనిపిస్తోంది, ఇంట్లో కనిపించడం లేదు అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు మెదడులో సంకేతాలు మోసే డోపమైన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాలు నాడీకణాల్లోకి తిరిగి పీల్చుకోబడకుండా అడ్డుకుంటుంది. అది ఒంట్లో ఉన్నంతసేపే పనిచేస్తుంది. సాధారణ మాత్ర అయితే సుమారు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకం అయితే ఎనిమిది నుండి పన్నెండు గంటలు. అంటే మీలోని స్థిమితమంతా మీ సహోద్యోగులు చూస్తున్నారు, అది అయిపోయిన తరువాతి మనిషిని మీ భార్య చూస్తున్నారు. "బయటివాళ్ళ దగ్గర బాగానే ఉంటావు" అన్న నిందకు చాలా ఇళ్ళలో మూలం ఇదే. ఈ సంగతి మీ వైద్యురాలికి వివరంగా చెప్పండి. రక్తపోటు, గుండె వేగం, ఆకలి, నిద్ర ఎలా ఉన్నాయో కూడా ఆమె ఎలాగూ చూడవలసినవే. అటామాక్సెటిన్ వంటి మందుల తీరు వేరు, వాటి పూర్తి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

సాకు అన్న భయం గురించి ఒక మాట. మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే ప్రామాణిక గ్రంథంగా 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5 ప్రకారం, 17 ఏళ్ళు నిండినవారికి శ్రద్ధ లోపం, అతిచురుకుదనం–తొందరపాటు అన్న రెండు విభాగాల్లో ఒకదానిలోనైనా కనీసం ఐదు లక్షణాలు ఉండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి, ఒకటికి మించిన చోట్ల జీవితానికి అడ్డుపడాలి. నిన్న మొన్న పుట్టిన మరుపుకు ఈ పేరు పెట్టరు. మీకూ మీ అబ్బాయికీ ఇద్దరికీ ఉండటం కూడా వింత కాదు; కవలల మీద జరిగిన పరిశోధనలు ఇందులో వంశపారంపర్యత వాటాను 70 శాతానికి పైగానే లెక్కగట్టాయి. నిద్రలేమి, ఆందోళన ఈ లక్షణాలను పెంచుతాయి కాబట్టి వాటి సంగతి విడిగా చూడాలి.

ప్రశ్న అడిగినవారి నుండి

అందరికీ కృతజ్ఞతలు. మా గొడవలు జరిగిన వేళలను ఇద్దరమూ కూర్చుని గుర్తుచేసుకుంటే, దాదాపు అన్నీ రాత్రి ఏడు గంటల తరువాతవే. వచ్చే వారం వైద్యురాలికి ఇది చెబుతాను. ఈ సమాధానాలు చదివిన వెంటనే, మరిచిపోకముందే, కరెంటు బిల్లును బ్యాంకు నుండి వెళ్ళేటట్లు పెట్టేశాను. మొదటి సమాధానాన్ని నా భార్య రెండుసార్లు చదివింది. వారానికి ఇరవై నిమిషాలు కూర్చోవడానికి ఒప్పుకుంది గానీ, మధ్యలో గుర్తుచేయనని మాట ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. ముందు మూడు నెలలు ఎలా గడుస్తాయో చూసి అప్పుడు చెబుతానంది.