ధ్రువ నిరూపకాలు: (−2, 30°) దగ్గర మా తరగతి ఆగిపోయింది

సుద్దముక్క:
ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు సంకీర్ణ సంఖ్యల్లో మాప-ఆయామ రూపం (మాపం అంటే మూలబిందువు నుంచి దూరం, ఆయామం అంటే కోణం) మొదలుపెట్టే ముందు ధ్రువ నిరూపకాలు, అంటే బిందువును (దూరం, కోణం) జతగా చెప్పడం, ఒక పీరియడ్ చెబుదామనుకున్నాను. మూడయ్యాయి. (3, 120°) గుర్తించమంటే ఒక అబ్బాయి ఎక్స్ అక్షం మీద కుడికి 3 గడులు జరిగి, "మేడమ్, పైకి 120 గడులు కాగితంలో పట్టవు" అన్నాడు. నవ్వొచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి మనం చేయించిన అలవాటే కదా! (−2, 30°) అయితే సగం మంది రెండో పాదంలో పెట్టారు. రుణం కనిపిస్తే ఎడమకు జరగడం ఒక్కటే వాళ్లకు తెలుసు. మీరెలా చెబుతున్నారు?

పాతబల్ల:
అమ్మా, రాసేటప్పుడు దూరం ముందు, గుర్తించేటప్పుడు కోణం ముందు. చిక్కంతా అక్కడే. నేను బడి ఆవరణలో మేకు దిగ్గొట్టి, తాడు కట్టి, ముగ్గుపిండితో అడుగుకొకటి చొప్పున ఐదు వృత్తాలు, 30 డిగ్రీలకొకటి చొప్పున 12 గీతలు గీయించేవాణ్ణి. పిల్లవాడు మేకు దగ్గర తూర్పు ముఖంగా నిలబడాలి. ముందు ఎడమకు 30 డిగ్రీలు తిరగాలి, తరవాతే అడుగు. రుణమైతే ముఖం అటే ఉంచి వెనక్కి రెండడుగులు. చూస్తే 210 డిగ్రీల గీత మీద, రెండో వృత్తంలో ఉంటాడు. మూడో పాదమని మళ్లీ చెప్పనక్కర్లేదు. వాన పడితే మాత్రం పాఠం కొట్టుకుపోయేది!

అపసవ్యదిశ:
సంకీర్ణ సంఖ్యలకైతే ఈ వెనకడుగు దేనికండీ? మాపం ఎప్పుడూ రుణం కాదు. అసలు గండం ఎక్స్ −1, వై √3 అయిన (−1, √3) లాంటి బిందువు కోణం కనుక్కోవడం దగ్గర ఉంది. వై/ఎక్స్ నిష్పత్తి, అంటే కోణం టాన్ విలువ, −√3 కాబట్టి కాల్క్యులేటర్ −60° చూపిస్తుంది, పిల్లలు అదే రాసేస్తారు. బిందువేమో రెండో పాదంలో ఉంది, కోణం 120°. ముందు బొమ్మ గీయించండి, లెక్క తరవాత.

సుద్దముక్క:
మాస్టారూ, నిన్న సైకిల్ స్టాండు పక్కన ముగ్గు వేయించాను. వెనకడుగు వేసిన అమ్మాయి సైకిల్‌ను గుద్దుకుంది గానీ సరైన చోటే ఆగింది. అపసవ్యదిశ గారూ, కాల్క్యులేటర్ సంగతి నిజమే, ఈరోజే చేయించాను. రుణ దూరం మాత్రం వదలలేను. ఆర్ = 2 కాస్ తీటా (ఆర్ దూరం, తీటా కోణం) అనే వృత్తం గీయమంటే 120° దగ్గరే −1 వస్తుంది; అప్పుడు వెనక్కి నడవకపోతే వృత్తం మీదకు చేరరు. ఇక వృత్తాల కాగితం అచ్చు వేయించాలి. ఒక్కొక్కరికి నాలుగు చాలుతాయా?