చిన్న టార్ట్‌లకు వేడికి వంగే బిస్కెట్ ఏది?

మాది కడప. బిస్కెట్లతో ఒక్క ముద్దకు సరిపోయే క్యారమెల్ చాక్లెట్ టార్ట్‌లు (బిస్కెట్ గిన్నెలో తీపి నింపినవి) చేయాలని చూస్తున్నా, బిస్కెట్‌ను గిన్నెలా వంచే దగ్గరే ఆగిపోతోంది. ఆస్ట్రేలియాలో వీటికి ఆర్నాట్స్ బటర్‌నట్ స్నాప్ బిస్కెట్లు వాడతారు. గుంతల ట్రే మీద పెట్టి 180 డిగ్రీల ఓవెన్‌లో కొద్ది నిమిషాలు వేడిచేస్తే మెత్తబడతాయి. చెంచాతో లోపలికి నొక్కితే గిన్నెలా వంగి, చల్లారాక మళ్లీ గట్టిపడతాయి. ఆ బిస్కెట్లలో కొబ్బరి, ఓట్స్‌తో పాటు గోల్డెన్ సిరప్ అనే చిక్కటి చక్కెర పాకం ఉంటుంది. ఆ పాకం వల్లే వంగుతుందేమో అనిపిస్తోంది.

ఇక్కడ దొరికే కొబ్బరి బిస్కెట్లను ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పైనా కిందా కడ్డీలు వేసి, 180 దగ్గర 4 నిమిషాలు పెట్టినా. తీసి గుంతపొంగనాల పెనంలో నొక్కగానే నడిమికి పటుక్కున విరిగింది. 6 నిమిషాలకు అంచు మాడింది, మధ్యలో మాత్రం అట్లే గట్టిగా ఉంది. మారీ బిస్కెట్ అయితే మరీ పొడిపొడి. పాలు చిలకరించి పెడితే చక్కగా వంగింది కానీ కరకర పోయింది, క్యారమెల్ పోయగానే అడుగు నానిపోయింది.

కండెన్స్‌డ్ మిల్క్, వెన్న, బెల్లంతో చేసిన క్యారమెల్ బాగా కుదిరింది. పైన చాక్లెట్‌కూ ఇబ్బంది లేదు. బిస్కెట్ పొడిలో వెన్న కలిపి అద్దే పద్ధతి తెలుసు, అది వద్దు. ఒక్కో టార్ట్‌కు ఒక్కో బిస్కెట్ అలాగే నిలవాలి, అందం అందులోనే ఉంది.

మన కిరాణా కొట్లలో దొరికేవాటిలో, వేడికి మెత్తబడి చల్లారాక మళ్లీ గట్టిపడే బిస్కెట్ ఏదండీ?