కుక్ గీసిన న్యూజిలాండ్ మ్యాప్ అసలుదేనా?

దేవరకొండ టీచర్:
మా మామగారు జాగ్రఫీ చెప్పేవారు. ఆయన ట్రంకుపెట్టెలో న్యూజిలాండ్ తీరం మ్యాప్ దొరికింది. ఓడ వెళ్లిన దారి గీత, 1769, 1770 అని సంవత్సరాలు, బ్రిటిష్ నావికుడు లెఫ్టినెంట్ జేమ్స్ కుక్ పేరు. అక్కడక్కడా మడతలు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ల్యామినేషన్ చేయిద్దామని మా ఆయన ఒకటే తొందర. ఇది పాతదా, తర్వాత వేసిన కాపీయా?

పాత కాగితాల పిచ్చోడు, మిర్యాలగూడ:
అమ్మా, ల్యామినేషన్ మాత్రం వద్దు! మళ్లీ ఊడదీయలేం. అప్పటిలా రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన మ్యాప్ చుట్టూ రేకు నొక్కుకున్న గుర్తుంటుంది. భూతద్దంలో గీతలు చుక్కలుచుక్కలుగా కనిపిస్తే ఈ కాలపు ఆఫ్‌సెట్ మెషిన్ మీద అచ్చేసిన కాపీ, ఇక టెన్షన్ లేదు. మడతలంటారా, అప్పట్లో ఇలాంటివి పుస్తకాల్లో మడిచి కుట్టేవారు.

పాలమూరు తమ్ముడు:
దక్షిణ దీవి తూర్పున 'బ్యాంక్స్ ద్వీపం' ఉందా మేడం? నిజానికది ద్వీపకల్పం. కింద స్టీవర్ట్ దీవినేమో కుక్ దక్షిణ దీవికి కలిపేశాడు! ఆరు నెలల్లోపే, ఎక్కువగా ఓడ మీంచే చూసి గీశాడు మరి. మిగతా తీరం అంత బాగా రావడమే నాకు వింత. కాకపోతే కాపీల్లోనూ ఇవే తప్పులుంటాయి, వయసు తేలదు.

దేవరకొండ టీచర్:
ఉంది తమ్ముడూ! రేకు గుర్తే లేదు, అంచులు కత్తిరించినట్టున్నారు.

పాత కాగితాల పిచ్చోడు, మిర్యాలగూడ:
అయితే వెలుతురుకు పట్టి చూడండి. కాగితంలోనే సన్నని సమాంతర గీతలుంటే పాతకాలపు కాగితమేమోనని ఆశ పెట్టుకోవచ్చు. ఈలోగా ఎండ, సెల్లోటేప్ రెండూ దూరం.