పడమటి గదికి నెమలికంఠం రంగా, గంధం రంగా?

ప్రశ్న:
విజయవాడలో మా అమ్మగారి గదికి రంగులు వేయించబోతున్నాము. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పడమటి గోడకు ఉన్న ఒక్క కిటికీ తప్ప వెలుతురు వచ్చే దారి లేదు. ఆమె పగలంతా అక్కడే చదువుకుంటారు. నాకు ముదురు నెమలికంఠం రంగు ఎంతో ఇష్టం. ఇంట్లో మిగిలినవారు మాత్రం ముదురు రంగుకు గది వేడెక్కుతుందని, లేత గంధం రంగే వేయించాలని అంటున్నారు. దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు:
ఎండ తగిలేది గోడ బయటి వైపు కనుక, లోపలి రంగు వల్ల వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదండీ. వేడి తగ్గాలంటే బయటి గోడకు తెలుపు వేయించి, కిటికీకి నీడ కల్పించండి. అసలు తేడా వెలుతురులో ఉంది. తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని రంగు తిరిగి గదిలోకి పంపుతుందో తెలిపే ఎల్‌ఆర్‌వీ అనే అంకె 0 నుంచి 100 వరకు ఉంటుంది; లేత గంధం వంటి రంగులకు అది చాలా ఎక్కువగా, ముదురు నెమలికంఠానికి చాలా తక్కువగా ఉంటుంది. నాలుగు గోడలకూ ముదురు రంగు వేస్తే పగలే దీపం వేసుకోవలసి వస్తుంది. పెద్దవారు చదువుకునే గదికి అది తగదని నా గట్టి అభిప్రాయం.

మరొక జవాబు:
రెండు రంగులనూ కలపవచ్చు, అయితే ఏ గోడకు ఏది అన్నదే ముఖ్యం. కిటికీ ఉన్న గోడకు ముదురు రంగు వేస్తే, వెలిగే కిటికీకీ చుట్టూ ఉన్న చీకటికీ మధ్య తేడా పెరిగి కళ్ళు అలసిపోతాయి; కిటికీ ఎదుటి గోడకు వేస్తే లోపలికి వచ్చిన వెలుతురు అక్కడే ఆగిపోతుంది. కనుక మంచం తలవైపు ఉన్న పక్కగోడ ఒక్కదానికే నెమలికంఠం వేయించి, మిగిలిన మూడింటికీ గంధం, పైకప్పుకు తెలుపు ఎంచుకోండి. సాయంత్రపు ఎండలో గంధం మరింత పచ్చబడుతుంది కనుక, పసుపు ఛాయ తక్కువగా ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. తలవైపు ఉన్నది దక్షిణపు గోడ. దాని అవతల స్నానాలగది ఉండటం వల్ల కింది భాగంలో కొద్దిగా చెమ్మ కనిపిస్తోంది.

జవాబు:
అయితే ముందు చెమ్మ సంగతి చూడండి. చెమ్మతో పాటు పైకి వచ్చే తెల్లటి ఉప్పు పొర లేత రంగు మీద అంతగా కనిపించదు గానీ, ముదురు రంగు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది; ఆ చోట మళ్ళీ రంగు పూసినా అతుకు తెలిసిపోతుంది. లీకేజీ మాన్పించి, గోడ పూర్తిగా ఆరిన తరువాతే లప్పం పెట్టించండి. మెరిసే రకం రంగు, లప్పంలోని ఎత్తుపల్లాలను బయటపెడుతుంది కనుక, ముదురు రంగును మెరుపు లేని మ్యాట్‌లోనే తీసుకోండి. ఈలోగా రెండు రంగులనూ పెద్ద అట్టల మీద పూసి ఆయా గోడలకు ఆనించి, ఉదయం, సాయంత్రం, రాత్రి దీపం వెలుగులో అమ్మగారికే చూపించండి.